అందరికీ ఒకే కథ

ఇంటింటికీ కథలపెట్టె వచ్చాక ఎవరి కథ వాళ్ళదైపోయింది. ఏడుపు వద్దంటే ఏడుపు లేకుండా, పెళ్ళి కావాలంటే పెళ్ళితో, అప్పటికప్పుడు అల్లిపెట్టేది. ఒకరు విన్న కథ ఇంకొకరికి తెలియదు గనక జనం కథల గురించి మాట్లాడుకోవడమే మానేశారు.

అనకాపల్లిలో జాకెట్లు కుట్టే నూకరత్నం మాత్రం మిషను పక్కనే పన్నెండు వందల పేజీల ‘గాజుకొండ’ పెట్టుకునేది. పాత అచ్చు పుస్తకం. అక్షరం మారదు. ఇప్పుడు నాలుగోసారి చదువుతోంది.

ఆరోజు కొలతలివ్వడానికి వచ్చిన కొత్తావిడ ఆ పుస్తకం చూసి ఎత్తిన చెయ్యి దించేసింది.

“ఎగిరే ఏనుగు చచ్చిపోయేదాకా వచ్చారా?”

నూకరత్నం చేతిలో టేపు జారిపోయింది. “చావలేదండీ! మబ్బులో దాక్కుంది.”

“మబ్బు లేదు, గిబ్బు లేదు. దానికోసం నేను రెండు పూటలు అన్నం మానేశాను!”

“మరి ఆఖర్న వానలో వినబడ్డ ఘీంకారం ఎవరిదనుకున్నారు?”

ఆవిడ పుస్తకం లాక్కుని ఆఖరి పేజీలు తిరగేసింది. సాయంత్రందాకా ఇద్దరూ హాయిగా పోట్లాడుకున్నారు. కొలతల సంగతి ఎవరికీ గుర్తులేదు.

మర్నాడు నూకరత్నం వచ్చేసరికి ఆవిడ షాపు మెట్లమీద కూర్చుని ఉంది. ఒళ్ళో జాకెట్టు గుడ్డ లేదు, తన ‘గాజుకొండ’ ఉంది.

“సరే, ఏనుగు బతికే ఉంది,” అంది. “మరి ముసలిరాణిని ఎలా క్షమించారండీ మీరు?”