లేని చింతచెట్టు

ఎల్లాజీ చేలో పంట పండకపోవడానికి కారణం వానదేవుడు కాదు, అప్పలసూరి. పెదనాన్న కొడుకు, పక్క చేనువాడు. వరసకు అన్న, బుద్ధికి పాము.

తాత పంచి ఇచ్చిన భూమి అది. తూర్పు చేను పెద్దకొడుకు కొడుకు అప్పలసూరిది, పడమటి చేను చిన్నకొడుకు కొడుకు ఎల్లాజీది. మధ్య గట్టు మీద ముసలి చింతచెట్టు. ఆ భూమి మొత్తానికీ చెట్టంటే అదొక్కటే. కొమ్మలు ఎల్లాజీ వైపుకి, కాయలు అప్పలసూరి ఇంటికి. నీడ పడినంత మేరా చోడి గింజ మొలిచేది కాదు.

"కొట్టించెయ్యన్నా," అని ఎల్లాజీ ఏడేళ్ళు అడిగాడు.

"తాత నాటిన సెట్టురా. ఎండకి ఏడిసేవోణ్ణి సూసేను గానీ నీడకి ఏడిసేవోణ్ణి నిన్నే సూడ్డం," అని అప్పలసూరి ఏడేళ్ళూ అదే జవాబు చెప్పాడు.

ఎల్లాజీది పేరుకే సేద్యం. కూడు పెట్టేది ఆకురాయి. పొందూరు రోడ్డు మీద పాక వేసుకుని కోత రంపాలకు పదును పెట్టేవాడు. అరవై ఏడులో కలప కంట్రాక్టరు నరసింగరావు కలకత్తా నుంచి మోటారు రంపం తెప్పించాడు. పళ్ళున్న సైకిలు గొలుసులాంటిది గిర్రున తిరుగుతుంది. ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి. గుండ్రటి ఆకురాయితో పన్నుకి మూడు రాపులు, లెక్క తప్పకూడదు. ఒక వైపు పళ్ళు వెంట్రుకవాసి పొట్టివైనా కోత వంకర పోతుంది. ఎల్లాజీ ఒక గొలుసు పాడుచేసి, రెండో గొలుసుకి పని పట్టుకున్నాడు. చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు మరొకడు లేడు. పార్వతీపురం నుంచి కూడా గొలుసులు బస్సెక్కి వచ్చేవి. తాటాకు పాక మీద రేకులు పడ్డాయి.

రథసప్తమికి అప్పలసూరి ఇంటిల్లిపాదినీ తీసుకుని అరసవల్లి వెళ్ళాడు. ఊళ్ళో సగం మంది అటే పోయారు. ఎల్లాజీ నరసింగరావుని రంపంతో సహా రప్పించాడు.

"కలపంతా మీరే పట్టికెళ్ళిపోండి బాబూ. నాకు పుల్లముక్క కూడా అక్కర్నేదు."

"మీ అన్న ఊరుకుంటాడేంట్రా?"

"అది నాను సూసుకుంతాను గదా."

"నా పేరు గానీ బయటికొచ్చిందా, ఇక గొలుసన్నది నీ గడప తొక్కదు. పార్వతీపురం వాళ్ళకీ నేనే చెప్తాను."

ఎల్లాజీ ముందురోజే ఆ గొలుసుకి పదును పెట్టి ఉంచాడు. పెళ్ళినాడు గడ్డం కూడా అంత శ్రద్ధగా గీసుకోలేదు. గొడ్డళ్ళయితే రెండు రోజులు పట్టే చెట్టు పూట తిరక్కుండా లారీ ఎక్కింది. మొద్దుని నేలమట్టానికి కోయించి, పైన మన్ను పోసి గట్టు కట్టేశాడు. మన్ను తగిలి గొలుసు పళ్ళన్నీ మొండిబారాయి. మళ్ళీ ఊరికే పదును పెట్టి ఇచ్చాడు.

మర్నాడు అప్పలసూరి వచ్చి ముందు ఆకాశం కేసి చూశాడు, తరవాత గట్టు కేసి చూశాడు. మూడు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు పెద్దమనుషుల్ని పిలిచాడు.

తగువు అమ్మవారి గుడి ముందు కూర్చుంది.

"చెట్టు ఎవడు కొట్టాడ్రా ఎల్లాజీ?" అన్నాడు కరణం జగన్నాధం.

నేనే అంటే, దేనితో కొట్టావంటారు. నేను కాదంటే, మరెవరంటారు. ఎటు తిప్పినా నరసింగరావు పేరు వస్తుంది, గొలుసులు పోతాయి. ఎల్లాజీ గొంతు సవరించుకున్నాడు.

"ఏ సెట్టు బాబూ?"

జనం గొల్లుమన్నారు.

"గట్టు మీద చింతచెట్టురా."

"అక్కడ సెట్టేటి బాబూ? ఎప్పుడూ నేదు."

ఎల్లాజీ పెళ్ళాం గున్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొన్నటిదాకా ఆ చెట్టుని తిట్టందే ఆవిడకి పొద్దెక్కేది కాదు.

అప్పలసూరి సాక్షుల్ని పిలుస్తాడని అందరూ చూశారు. పిలవలేదు.

"కర్పూరం ఆర్పి ఆ మాటే సెప్పమనండి బాబూ. నాకింకేటీ వొద్దు."

ఆ ఊళ్ళో అమ్మవారి ముందు కర్పూరం ఆర్పి చెప్పిన మాటకి ఎదురు లేదు. సాక్ష్యాలుండవు, కోర్టులుండవు. అబద్ధమైతే అమ్మవారు చూసుకుంటుంది. మనుషులు మాత్రం నిజమని నడుచుకోవాల్సిందే.

ఎల్లాజీ నూతి దగ్గర నీళ్ళు పోసుకుని తడిబట్టతో వచ్చాడు. అరచేతిలో కర్పూరం వెలిగించారు.

"గట్టు మీద సింతసెట్టు ఎప్పుడూ నేదు," అని గుప్పిట మూశాడు.

చెయ్యి బొబ్బలెక్కింది. అమ్మవారు మాత్రం ఏమీ అనలేదు.

"అయితే చెట్టు లేనట్టే," అన్నాడు కరణం. అక్కడున్న వాళ్ళందరూ ఆ చెట్టు కాయ తిన్నవాళ్ళే. అందరూ తలలూపారు.

"ఎప్పుడూ నేనట్టేనా బాబూ?" అన్నాడు అప్పలసూరి.

"ఎప్పుడూ లేనట్టే."

"రాసెయ్యండి మరి."

కరణం రాశాడు. "ఓడిపోయినోడికి కాయితం కూడానా!" అని నవ్వుతూ ఎల్లాజీ, కాలని చేతి బొటనవేలు కింద అద్దాడు.

అప్పుడు అప్పలసూరి మొలలోంచి ఇంకో కాగితం తీశాడు. తాత రాయించిన పంపకాల కాగితం. కరణం కళ్ళజోడు సర్దుకుని, అందరికీ వినపడేలా చదివాడు:

"చింతచెట్టుకు పడమరగా ఉన్నంత నేల నా చిన్నకొడుక్కీ, అది పోగా మిగిలిన నేల యావత్తూ నా పెద్దకొడుక్కీ చెందవలసినది."