ముళ్లతీగ

"ఇంక సాల్లే బాబూ, నడుం ఇరిగిపోతాది" అన్నాడు కూర్మయ్య.

ప్రొఫెసర్ రైనర్ వినిపించుకోలేదు. కళింగపట్నం ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ముళ్లతీగను వేళ్లతో సహా పెకిలిస్తున్నాడు. డెబ్బై ఆరేళ్ల మనిషి. జర్మనీలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం పాఠాలు చెప్పాడు. తీరాల ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచే మొక్కల మీద వయసులో ఉండగా రాసిన పుస్తకమే ఆయనకు ఆ కొలువు తెచ్చిపెట్టింది. విచిత్రం, ఆ పుస్తకం సంగతెత్తితే మాత్రం మాట మార్చేస్తాడు.

రిటైరవగానే ఇక్కడికొచ్చాడు. అప్పట్నుంచి పన్నెండేళ్లుగా ఏటా చలికాలం నెల రోజులు ఇదే పని. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ల కాళ్లలో ఈ ముళ్లే, ఆరేసిన వలల నిండా ఈ ముళ్లే. ఎంత పీకినా వానలు పడగానే తీగ మళ్లీ పాకేది. ఊరు నవ్వింది. ఆ తీగ వేళ్లతో ఏదో ఖరీదైన మందు చేస్తాడని పుకారు కూడా పుట్టింది.

ఊళ్లో కూర్మయ్య ఒక్కడే ఏమీ అడగలేదు. మొదటి ఏడు, రెండో రోజునే చిన్న గునపం పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు. కూలి ఇస్తానంటే కసిరాడు.

ప్రొఫెసర్‌కి ఇక ఓపిక లేదు. మోకాళ్లు మొరాయించాయి. ఈ రావడమే ఆఖరు. సాయంత్రం ఆమదాలవలసలో రైలు. వెళ్లేలోగా కూర్మయ్యకు ఒక్క మాట చెప్పాలి. పన్నెండేళ్లుగా గొంతు దాటని మాట. చెబితే ఈ దేశంలో తనకున్న ఒక్క స్నేహితుడూ దూరమైపోతాడేమో!

ఆటో వచ్చింది. కూర్మయ్య భార్య లక్ష్మణమ్మ ఎండుచేపల పొట్లం తెస్తూ, కాలిలో ముల్లు దిగి కూలబడింది.

"ఈ తీగ ఇక్కడ పాతినోడి సేతులు పడిపోనూ!"

"ఒసే, నోరు మూస్తావా నేదా!" అరిచాడు కూర్మయ్య. ఎన్నడూ ఆమె మీద గొంతెత్తని మనిషి.

ప్రొఫెసర్ తల వంచుకున్నాడు. పొట్లం ఇచ్చి ఆమె కుంటుకుంటూ వెళ్లిపోయేదాకా ఆగాడు.

"కూర్మయ్యా, నీకు ఒక సంగతి చెప్పాలి. నేను..."

కూర్మయ్య ఆయన చెయ్యి లాక్కుని, అరచేతిలో విరిగిన ముల్లును గోటితో తీసి పారేశాడు.

"నలభై అయిదేళ్ల కిందట నువ్వు తెచ్చిన మొదటి మొక్కకి గొయ్యి తవ్వినోడ్ని నానే బాబూ."