పదిహేడో నంబరు బిళ్ళ

గేటు దగ్గర ముసలాయన కారు అద్దం మీద వేలితో కొట్టాడు.

భర్త అద్దాన్ని నాలుగు వేళ్ళంత దించాడు. ఆ సందులోంచి చలి లోపలికి దూరింది.

లోపల అప్పటికే చలికి కొదవలేదు. మూడు నెలలుగా ఆ మొగుడూ పెళ్ళాల మధ్య అవసరానికి మించి ఒక్క మాట లేదు. ఈ కొండల్లో, అడవుల్లో నాలుగు రోజులు తిరిగి, కలిసి ఉండాలో విడిపోవాలో తేల్చుకుందామని బయల్దేరారు. ఇది మూడో రోజు. ఇంకా ఏమీ తేలలేదు.

ముసలాయన చేతిలో చిన్న నోటు పుస్తకం, పెన్సిలు ముక్క. ఎంతమంది, ఏ రంగు కోట్లు తెచ్చుకున్నారు, ఎవరికైనా జబ్బులున్నాయా అని ఒకటే ప్రశ్నలు. వెనక కార్లు హారన్లు కొడుతున్నా ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు.

తనకు ఉబ్బసం ఉందని భార్య చెప్పింది. ఆయన రాసుకున్నాడు.

"దారిలో ఎక్కడ ఆగుతారు బాబూ?"

"జలపాతం దగ్గర," అన్నాడు భర్త విసుగ్గా.

అటువైపు వెళ్ళే ఉద్దేశమే అతనికి లేదు. ఎదురుగా బోర్డు మీద కనిపించింది, వదిలించుకోవడానికి అనేశాడు. ఆ సంగతి భార్యకు తెలుసు. సరిదిద్దాలని మాట నోటిదాకా వచ్చింది. చెబితే మొగుడితో మాట కలిపినట్టవుతుందని ఊరుకుంది.

ముసలాయన ఇద్దరి మొహాలూ ఒకసారి పరకాయించి చూశాడు. ఇంకో ముక్క రాసుకున్నాడు. తర్వాత 17 అని చెక్కిన చెక్క బిళ్ళ ఆమె చేతిలో పెట్టాడు.

"అవతలి గేటులో ఇచ్చెయ్యమ్మా, మర్చిపోకు. పైన ఫోన్లు పనిచెయ్యవు. మీరు క్షేమంగా దిగారని మాకు చెప్పేది ఇదొక్కటే."

కారు కదిలాక భర్త ఆయనకు సీఐడీ తాత అని పేరు పెట్టాడు. టీ డబ్బుల కోసం ఈ వేషాలన్నీ అన్నాడు. భార్య నవ్వలేదు.

మధ్యాహ్నం ఒక మలుపులో ఎలుగుబంటి రోడ్డుకు అడ్డంగా వచ్చింది. వెనక రెండు పిల్లలు.

ఒక పిల్ల మంచులో జారిపడింది. లేచింది, మళ్ళీ జారింది. తల్లి వెనక్కి వచ్చి దాన్ని మూతితో నెట్టుకుంటూ రోడ్డు దాటించింది.

భార్య తనకు తెలియకుండానే భర్త చెయ్యి పట్టుకుంది. ఎలుగులు చెట్లలోకి వెళ్ళిపోయాక కూడా తియ్యలేదు.

ఆ మలుపులోనే మాటలు మొదలయ్యాయి. మూడు నెలల మాటలు. ఎవరి తప్పు ఎంతో ఇద్దరూ ఒప్పుకున్నారు, కాస్త ఏడ్చారు, ఫ్లాస్కులో మిగిలిన టీ ఒకే కప్పులో తాగారు. విడిపోవడం అనే మాట మళ్ళీ రాలేదు.

అవతలి గేటు చేరేసరికి పొద్దు వాలుతోంది, మంచు పడుతోంది. ముందున్న టూరిస్టు బస్సు కోసం అడ్డకర్ర ఎత్తారు. దాని వెనకే భర్త కారు పోనిచ్చేశాడు.

బిళ్ళ ఇవ్వలేదని భార్య గుర్తుచేసింది.

"ఉండనీ. ఈ రోజుకి గుర్తుగా దాచుకుందాం."

ఆ మాట ఆమెకు ఎంతో నచ్చింది. బిళ్ళను హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

మర్నాడు ఉదయం లాడ్జి నుంచి తిరుగు ప్రయాణం. నిన్న సాయంత్రం దాటిన గేటే, కానీ మూసి ఉంది. లోపల ఒక జీపు చుట్టూ జనం.

కిటికీలో కూర్చున్న ఉద్యోగిని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. దారి మూసేశామని చెప్పింది. నిన్న ఒక బండి కొండ దిగలేదట. దానికోసం వెళ్ళిన మనిషిని ఇప్పుడే కిందికి తెచ్చారట, ప్రాణం లేకుండా.

"ఏ బండి?" అన్నాడు భర్త.

"పదిహేడు."

భార్య హ్యాండ్‌బ్యాగు తెరిచింది. బిళ్ళ తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

ఉద్యోగిని దాన్ని తిప్పి అంకె చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

ఆ ముసలాయన గేటు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్ళయిందని చెప్పింది. ఎవరూ పిలవకపోయినా మంచు పడే రోజుల్లో వచ్చి గేటులో కూర్చుంటాడట. ఇప్పటిదాకా పాతిక మందిని ప్రాణాలతో దించాడట. నిన్న కూడా తెల్లారేదాకా ఆగమని అందరూ బతిమాలారు. ఆ అమ్మకి ఉబ్బసం, తెల్లారేదాకా తట్టుకోలేదని రెండు కంబళ్ళు భుజాన వేసుకుని జలపాతం దారి పట్టాడు.

"మేం అసలు జలపాతం వైపు..." అని భర్త ఆగిపోయాడు.

"ఆ కంబళ్ళు మడత కూడా విప్పలేదు సార్. మీకోసం పొడిగా ఉంచాడు. మాకు అర్థం కానిది ఒకటే. అడుగుల జాడ బట్టి చూస్తే జలపాతానికి ఈ పక్క అంతా వెతికాడు. ఎవరూ లేరని తెలిసింది. అప్పుడే దిగొచ్చేస్తే బతికేవాడు. మళ్ళీ వాగు దాటి ఆ పక్క కూడా ఎక్కాడు. అక్కడే పడిపోయాడు. ఒక్క కారులో వచ్చినవాళ్ళ కోసం రెండు పక్కలా ఎందుకు వెతికాడో."

ఆమె ముందు ఆయన నోటు పుస్తకం తడిసి, తెరిచి ఉంది. భార్య దాన్ని తనవైపు తిప్పుకుంది.

పదిహేడు, తెల్ల కారు, ఇద్దరు, జలపాతం, అమ్మకి ఉబ్బసం అని వరసగా రాసి ఉంది. వాటి కింద, ఇద్దరి మొహాలూ చూసి రాసుకున్న ఆ ఆఖరి ముక్క: "ఇద్దరికీ మాటల్లేవు. ఒకేచోట ఉండరు, విడివిడిగా వెతకాలి."