చిమ్మట గూడు

ఆ కాలపు ఇళ్ల గోడలు దుమ్మును తమంతట తామే మింగేవి. భర్త పెద్దకర్మ నాడు, మైల పోవాలని, పూర్తి శుద్ధి చేయమని గోడలకు నూకరత్నమే చెప్పింది. ఆయన వెంట్రుక కూడా మిగల్లేదు.

సంవత్సరీకం దగ్గరపడుతుండగా, మంచం వెనక గోడ మీద దోసగింజంత గూడు కదిలింది. లోపల ఇంకా రెక్కలు రాని, ఉన్నిబట్టలు కొరికే చిన్న చిమ్మట. ఇంట్లో దొరికిన పోగులతోనే గూడు అల్లుకుంది. అంచున ఆకుపచ్చ ఉన్ని. ఆయన మంకీ టోపీది.

"ఛీ, పురుగు! గోడకి చెప్పీనా అమ్మా, మింగేస్తాది?" అంది కూతురు పావని.

"నోర్ముయ్యే. అది మీ నాన్న టోపీ."

నూకరత్నం గోడలను ఆపేసింది. దుమ్ము పేరుకుంది. పావని తుమ్ముతూనే తిట్టింది.

కొన్నాళ్లకు గూటికి మరో ఆకుపచ్చ వరస చేరింది. నూకరత్నం ఇల్లంతా వెతికినా ఆ ఉన్ని పోగు ఒక్కటీ కనబడలేదు. పురుగుకు మాత్రం దొరుకుతూనే ఉంది.