టోపీ నీడ

ఆ మొగుడికి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, స్విచ్చి నొక్కి లైటు ఆర్పే వేలు ఇవ్వడం మరిచిపోయాడు. ఇంట్లో ఆయన ఏయే గదుల్లో తిరిగాడో వెలుగుతున్న లైట్లే చెబుతాయి. వెనకాలే ఆర్పుకుంటూ వచ్చేది పెళ్లాం. ఇద్దరిదీ ఒకే ల్యాబ్, పరిశోధన కూడా పిండిని పులియబెట్టే ఒకే ఈస్ట్ మీద. శుక్రవారం ఆ ల్యాబ్‌లోనే, అందరి ముందూ, ఆయన ఆమె పరువు తీసేశాడు.

"యూవీ కిరణాలు తగిలి డీఎన్ఏ చితికిపోయిన ఈస్ట్, మామూలు వెలుతురులో పెడితే తనంతట తనే బాగుపడుతుందట మేడమ్, మా ఆవిడ చెబుతోంది! వేరే రకాలకు చేతనవునేమో గానీ, మన రకానికి ఆ విద్య లేదు. మా ఆవిడకి యూవీ దీపం సరిగ్గా వేయడం వచ్చి ఉండదు."

అందరూ ఘొల్లున నవ్వారు. ల్యాబ్ పెద్ద మేడమ్ మాత్రం నవ్వలేదు. "సోమవారానికి రుజువు చూపించమ్మా. లేదా ఆ పని ఆపెయ్."

ఆమె పళ్లు నూరుకుంది. సాయంత్రం గది ఖాళీ అయ్యాక, మొగుడు అప్పుడే ఈస్ట్ పూసి పెట్టుకున్న ప్లేట్లన్నిటి మూతలూ తీసి యూవీ దీపం కింద పెట్టింది.

"వేయడం రాదన్నారుగా. చూద్దురు గాని!"

కసి తీరా వేసి, మూతలు పెట్టి, ప్లేట్లు ఆయన బల్ల మీదే సర్ది, లైటు ఆర్పి ఇంటికి పోయింది. ఇక చీకట్లో ఒక్క కణమూ కోలుకోదు.

ఇంటికొచ్చాక ఆయన కళ్లజోడు మరిచానంటూ మళ్లీ ల్యాబ్‌కి పరిగెత్తాడు. కళ్లజోడు తెచ్చుకుని, టోపీ మరిచి వచ్చాడు.

సోమవారం ఆయన మేడమ్‌ని వెంటబెట్టుకుని తన బల్ల దగ్గరికి వచ్చాడు. ప్లేట్ల నిండా ఈస్ట్ పెరిగిన తెల్లటి చుక్కలు కిటకిటలాడుతున్నాయి. వెనకే వచ్చిన ఆమె ముఖం మాడిపోయింది.

"చూడండి మేడమ్, ఎంత పుష్టిగా ఉందో నా ఈస్ట్!" అంటూ ఆయన ప్లేట్ల మీదున్న టోపీ తీశాడు.

దాని కింద ఉన్న రెండు ప్లేట్లలో చుక్క కూడా లేదు.

"ఇవేంటి, ఇలా చచ్చాయి?"

ఆమె టోపీ వంక చూసింది. తలెత్తి, బల్లకు పైన శుక్రవారం నుంచీ వెలుగుతూనే ఉన్న ట్యూబులైటు వంక చూసింది.

"అన్నీ చావాల్సినవే మేడమ్. శుక్రవారం వీటన్నిటికీ యూవీ వేసింది నేనే. వెలుతురు తగిలినవి బాగుపడ్డాయి, టోపీ నీడలో ఉన్నవి పోయాయి."

మేడమ్ ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యా, మన రకానికి ఆ విద్య లేదన్నావుగా?"

ఆయన చప్పున టోపీ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఆయన్ని ఏమీ అనకండి మేడమ్," అందామె, గదిలో అందరికీ వినబడేలా. "తప్పు నాదే. ఇన్నేళ్లూ లైటు ఆర్పమని ఆయన్ని సతాయించాను."