బోర్లించిన బకెట్టు

“ఆగిపోయావేంటే? గొంతు పట్టేసిందా?” మంచం మీద నుంచి అడిగింది కొంగ.

“పేజీ తిప్పుతున్నానే తల్లీ, కాస్త ఊపిరి పీల్చుకోనీ” అంది పిచ్చుక.

తిప్పిన మాట నిజమే. కాకపోతే ఒక్క పేజీ కాదు, ఏకంగా ఓ కట్ట తిప్పేసింది.

మంచం మీదున్నావిడ దర్జీ. చదువుతున్నావిడ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. యాభై దాటినా ఇప్పటికీ బళ్లో పడ్డ పేర్లతోనే పిలుచుకుంటారు. పొడుగు కాళ్లు చూసి క్లాసులో ఆడపిల్లల గుంపు ‘కొంగ, కొంగ’ అని ఏడిపిస్తుంటే, “అయితే నేను పిచ్చుకని” అంటూ పక్కన వచ్చి కూర్చున్న పొట్టిపిల్లే ఈ పిచ్చుక.

కొంగకి ఈమధ్యే కంటి ఆపరేషనయింది. కళ్లకి కట్టు కట్టి, “ఎట్టి పరిస్థితిలోనూ ఏడవకూడదమ్మా” అని డాక్టరు ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఊసుపోవడం లేదంటే పిచ్చుక రోజూ సాయంత్రం వచ్చి చదివి వినిపిస్తోంది. “నీ చేతిలో ఉన్న ప్రూఫులే చదువు, నీ పనీ అయిపోతుంది” అన్నది కొంగే. ఆ చేతిలో ఉన్నదేమో ఈ నవల. కలం పేరు చూస్తే ఎవరో కొత్త రచయిత్రి. బళ్లో ఓ పిల్లని తోటివాళ్లు పీక్కుతినడం, దానికి ఒక్కగానొక్క స్నేహితురాలు. మొదటి అధ్యాయంలోనే పిచ్చుక గుండె కలుక్కుమంది.

“వాన మొదలవలేదా?” ఉన్నట్టుండి అంది కొంగ.

పిచ్చుక కిటికీలోంచి చూసింది. “వానేంటే నీ మొహం! ఎండ ఇంకా దిగందే!”

“సర్లే. నవల ఎలా ఉందంటావు?”

“ఏం చెప్పమంటావు? చదవకుండా ఉండలేను, చదివితే రాత్రి నిద్ర పట్టదు. చెయ్యి తిరిగిన మనిషే, కాదనను. కానీ బడంటే ఇంతేనా? కాకెంగిలి చేసుకుని తిన్న పిప్పరమెంటు బిళ్ల లేదు, గంట కొట్టగానే చేతులు పట్టుకుని పరిగెత్తడం లేదు. అన్నీ ఏడుపులే!”

“పిప్పరమెంటా!” కొంగ పకపకా నవ్వింది. “నీ గౌను అంచు ఎప్పుడూ ఎర్రగా, జిగటగా ఉండేది. బిళ్ల అందులో పెట్టి కొరికి కొరికి చింపేదానివి. మీ అమ్మ చూస్తే వీపు విమానం మోతే!”

“ఆ చిరుగు కనపడకుండా కుట్టిచ్చిందెవరు? నీ దర్జీ పని అక్కడే మొదలైంది.”

ఇద్దరూ కాసేపు ఆ బళ్లోనే ఉండిపోయారు. సుద్దముక్క పొడి, బెంచీ మీద చెక్కుకున్న పేర్లు, మధ్యాహ్నం క్లాసులో ఒకరి భుజం మీద ఒకరు తీసిన కునుకు. ఎంత బాగుండేవి ఆ రోజులు!

“ఇంతకీ రాత్రిళ్లు లైటేసుక్కూర్చుని ఏం కుట్టావే అంతలా, కళ్లు పాడయ్యేలా?”

“కుట్టడం, ఊడదీయడం, మళ్లీ కుట్టడం. ఓ పట్టాన కుదిరితేనా?” అంది కొంగ. “చదువు చదువు. చివరికొచ్చేశాంగా.”

పిచ్చుక కట్టలోంచి చివరి కాగితాలు తీసింది. ఆ చివర ఆఫీసులోనే చదివేసింది తను. జోరువానలో ఆ పిల్లని ఆటసామాన్ల గదిలోకి తోసి గడియ పెట్టేస్తారు. స్నేహితురాలు తలుపు దాకా వస్తుంది, లోపలి ఏడుపు వింటుంది, రేపు తనకీ ఇదే గతేమోనని భయపడి వెనక్కి వెళ్లిపోతుంది. తెల్లారి తలుపు తీసేసరికి పిల్లకి మాట పడిపోయి ఉంటుంది.

కొంగనీ ఒకనాడు సరిగ్గా అలాంటి గదిలోనే పెట్టారు. ఇది వింటే ఏడవకుండా ఉంటుందా? కళ్లు పోతే? రాసినవాళ్ల మాట మార్చడం పిచ్చుక దృష్టిలో దొంగతనమే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ పని ఎన్నడూ చేసి ఎరగదు. అయినా సరే, కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని లేనిది చదవడం మొదలుపెట్టింది.

“పిల్లని గదిలో పెట్టి గడియ వేశారు. స్నేహితురాలు పరిగెత్తుకొచ్చింది. గడియ అందలేదు. బకెట్టు బోర్లించి ఎక్కింది. గడియ ఊడింది, బకెట్టు జారింది, గడ్డం పగిలింది. నెత్తురు తుడుచుకుంటూ, ‘పదవే, గంట కొట్టేశారు’ అంది. ఇద్దరూ నవ్వుకుంటూ పరిగెత్తారు.”

“బకెట్టు కూడా రాసిందా ఆవిడ?”

“రాసింది మరి! నేనేమన్నా కల్పించానా?”

“గడ్డం పగలడం కూడా?”

“ఇదిగో, ఇక్కడే అచ్చయి ఉంది. సమాప్తం!”

కొంగ చెయ్యి చాపి గాలిలో వెతికింది. సూది పట్టి మొద్దుబారిన వేళ్లు పిచ్చుక గడ్డాన్ని తడిమి, పాత మచ్చ మీద ఆగిపోయాయి. పిచ్చుక హడలిపోయింది.

“ఏడవకే, నీకు దణ్ణం పెడతాను! ఎవరో ఏదో రాసుకున్నారు, మనకెందుకు?”

“ఆ రోజు నువ్వు గడియ తియ్యకపోయుంటే ఏమయ్యేదో, అదే రాశానే.”