మందిరంలో విమానం సీట్లు

ఆళ్లగడ్డ శివార్లలోని ఆ ప్రార్థన మందిరంలో బెంచీలకు బదులు విమానం సీట్లున్నాయి. మనుషుల్ని మోసిన పాత విమానాన్ని సరుకుల విమానంగా మార్చేటప్పుడు పీకేసినవవి. ఆ పనిలో ఉన్న రూబెన్ అత్తగారి ఊరి సంఘానికని పంపించాడు.

ఆ రాత్రి కూడిక మధ్యలో కరెంటు పోయింది. వాన కమ్ముకొస్తోందని పాస్టరు చివరి దీవెన చెప్పకుండానే నంద్యాలకు బయల్దేరాడు. దీవెన వినకుండా లేవడం అక్కడెవరికీ అలవాటు లేదు. గొణుక్కుంటూనే ఇళ్లకు పోయారు.

తాళం వేయబోతూ రూబెన్ అత్త హన్నమ్మ టార్చి వేసి చూసింది. ఎవరూ ఎప్పుడూ పెట్టుకోని సీటు బెల్టులన్నీ పెట్టి ఉన్నాయి. సీటుకు అంటుకుని కాదు, మనిషి కడుపుంటే ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తున. ఒకటి విప్పింది. రెండోదాని దగ్గరికి పోయేలోగా వెనక టక్కుమంది.

గుమ్మం బయట ఆమె చెప్పులు తప్ప ఇంకో జత లేదు.

రూబెన్‌కు ఫోన్ చేసింది. "ఏందప్పా, ఈ బెల్టులు వాటంతటవే పడతాండాయి?"

"మేం పీకేటప్పుడూ అట్లే పడతాండె అత్తా. ఆడ నువ్వొక్కదానివే ఉండావా?"

హన్నమ్మ పక్క సీట్లో కూలబడింది. కళ్లు మూసుకుని, ఆదివారం వినే దీవెనను తడబడుతూ తనే చెప్పేసింది. "ఆమేన్" అంది.

ముందు వరస నుంచి బెల్టులు ఒక్కొక్కటే విడిపోతూ వచ్చాయి. అడుగుల చప్పుడు మాత్రం లేదు.

హన్నమ్మ లేవబోయింది. నడుముకు బెల్టు బిగిసి ఉంది. అదొక్కటే విడలేదు.